తెట్టు తియ్యని వైన్

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు వదిలించుకున్నాం. అందుకని ఫ్రాన్స్‌లో జురా అనే కొండప్రాంతం ఒకటుందని నలభై దాటాకగాని నాకు తెలియలేదు. అదీ నా కారు వెనక సీటు ద్వారా.

అనకాపల్లిలో నాది టాక్సీ. ఆ కొండల్లో ద్రాక్షతోటలున్న దంపతులు ఏటికొప్పాక లక్కబొమ్మలు చూడాలని నా కారెక్కారు. ఆవిడ ఫోన్‌తో తన భాషలో మాట్లాడేది, ఫోను నాతో రేడియో వార్తల తెలుగులో మాట్లాడేది.

"మా ప్రాంతం మిక్కిలి చిన్నది. మా దేశస్థులే సరిగా ఎరుగరు" అంది ఫోను.

"మా అత్తారిదీ బుచ్చయ్యపేట పక్కనేనమ్మా, బాధపడకండి" అన్నాను. ఫోను దాన్నెలా మార్చిందో గాని ఇద్దరూ తెగ నవ్వారు.

అక్కడ ద్రాక్షగుత్తుల్ని గడ్డి మీద ఆరబెట్టి ఓ తీపి వైన్ చేస్తారట. పసుపురంగుది ఇంకోటి. దాన్ని పీపాలో పోశాక, మట్టం తగ్గుతున్నా మళ్ళీ నింపరట. పైన తెల్లగా తెట్టు కడుతుంది. ఆరేళ్ళు దాటేదాకా ఆ తెట్టును ఎవరూ ముట్టుకోరు. వెళ్ళేటప్పుడు ఆ పసుపు రకం సీసా ఒకటి నా చేతిలో పెట్టారు. పొట్టిగా, ఎత్తు భుజాలతో అచ్చం మా బావమరిదిలా ఉంది.

ఆ ఆదివారం మామ మా ఇంట్లోనే ఉన్నాడు. అంటే మా ఆవిడ తండ్రి. బెల్లం వండే మనిషి. పెనంలో పాకం ఎప్పుడు దించాలో చుట్టూ ఉన్నవాళ్ళు రంగు చూసి, బుడగ చూసి చెప్పేవారు. మామ మాత్రం బీడీ కాల్చుకుంటూ, అటు తిరిగి కూర్చుని, ముక్కుతో చెప్పేవాడు. కిందటేడు జ్వరం వచ్చి తగ్గింది గాని వాసన తెలియడం పోయింది. ఆ తర్వాత ఓ పెనం ఆయన పక్కనుండగానే మాడింది. ఆ రోజు నుంచి మోకాళ్ళ నొప్పులని చెప్పి చెరకు గానుగ వైపు వెళ్ళడం మానేశాడు. అసలు సంగతి నాకూ మా ఆవిడకే తెలుసు. ముక్కు డాక్టరు 'వస్తే వస్తుంది' అన్నాడు. అది నేనూ చెప్పగలను, ఫీజు లేకుండా. ఈ ఏడాది బెల్లం వంటలు మొదలవబోతున్నాయి. గానుగ యజమాని రోజూ ఫోన్ చేస్తున్నాడు, మామ ఎత్తడం లేదు.

సీసా బిరడాని కారు స్క్రూడ్రైవర్‌తో లోపలికి తోసి గ్లాసులో పోశాను. మా ఆవిడ వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

"పాడైపోనాది. పారబొయ్యండి."

నేనో గుక్క తాగాను. పుల్లగా, ఉప్పగా, గొంతులోంచి పోనని మొండికేసింది. తెట్టు సంగతి మామకు చెప్పాను. ఆయన మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"ఏటీ? ఆరేళ్ళు తెట్టు తియ్యరా? ఆళ్ళ ఇళ్ళల్లో గరిటెల్లేవేటి?"

"అదే దాని గొప్పట మామా. లీటరు పోస్తే ఆఖరికి ఈ చిన్న సీసాడే మిగుల్తుందట. మిగతాది గాలికి పోతుందట."

"గాలికా? ఆ ఇంటల్లుడికి పోయుంటాది. సూసుకోమను."

నేను ఫోన్ వస్తే వీధిలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వంటింట్లో స్టవ్ మీద గిన్నె, గిన్నెలో నా ఫ్రాన్స్, పక్కన గరిట పట్టుకుని మామ.

"మామా, ఏటి సేత్తన్నావు!"

"ఆళ్ళు తియ్యని తెట్టు నేను తీత్తన్నాను. మరగబెడితే పైకొత్తాది. బాగుపడుద్ది, ఉండు."

పుట్టి బుద్ధెరిగాక ఆయన పొయ్యి మీద రసం చూస్తే తెట్టు తీయడమే నేర్చుకున్నాడు. అల్లుణ్ణి కదా, ఏమీ అనలేక గుమ్మంలో కూలబడ్డాను. ఆవిరి ఆయన మొహాన్ని కప్పేసింది. తెట్టు ఎంతకీ రాలేదు. వైన్ మాత్రం ఇగిరి ఇగిరి అడుక్కి చేరింది. ఉన్నట్టుండి గరిట ఆగింది.

"దించండర్రా! పట్టేత్తన్నాది!"

గానుగ దగ్గర పదిమందికి వినబడేట్టు అరిచే గొంతు అది. మా ఆవిడ పరుగున వచ్చి గిన్నె దించింది. అడుగున అప్పుడే కొంచెం నల్లబడుతోంది.

"నీకెలా తెలిసింది నానా?"

మామ గిన్నె మీదికి వంగి మళ్ళీ పీల్చాడు. "ఏయించిన మెంతులు" అన్నాడు మెల్లగా. "పాత పెనం అడుగు కూడాను."

నేనూ వంగి వాసన చూశాను. అవును, అవే. ఇందాక ఆ మాటలు నాకు తట్టలేదు.

మా ఆవిడ పోపులపెట్టె తెచ్చి ఒక్కొక్కటే ఆయన ముక్కు కింద పెట్టింది. మెంతులు తగిలాయి. జీలకర్ర తగిలీ తగలనట్టు. ఇంగువ అసలు లేదు. ఆమె మొహం చిన్నబోయింది.

"ఏడవకే. బెల్లంలో ఇంగువెవడేత్తాడు?" అన్నాడు మామ.

జరిగింది ఫోన్‌లో ఆ ఫ్రాన్స్ ఆవిడకు చెప్పాను. తిడుతుందనుకుంటే, తమ వైపు కోడిపుంజును ఆ వైన్‌లోనే వండుతారని జవాబిచ్చింది.

"మరి అప్పుడైనా తెట్టు తీత్తారేమో అడుగు" అన్నాడు మామ. అంటూనే తన ఫోన్ తీసి గానుగ యజమానికి తానే చేశాడు.

"ఆఁ, నేనే. మోకాళ్ళు తగ్గేయి. వత్తన్నాను."