ఒకే పీట మీద రెండు కార్డులు

మా అత్తతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. నేను కాలేజీలో వక్తృత్వ పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నదాన్నే. అయినా ఆమె ముందు నా చదువు నిలబడలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో చిత్తూరులో మా ఇంటి ముందుగదిలో ఇంటర్నెట్ సెంటరు పెట్టాను. అప్పట్లో టెలిఫోను తీగ మీద ఒక పేజీ తెరుచుకునేలోగా కుక్కరులో పప్పు ఉడికిపోయేది. మద్రాసు కంపెనీ ఒకటి ఆకాశం దారి చూపించింది. మనం అడిగేది ఫోను తీగ మీద పోతుంది, జవాబు మాత్రం ఉపగ్రహం నుంచి మిద్దె మీది డిష్షులోకి దిగుతుంది. దాన్ని పట్టుకునేది కంప్యూటరు లోపల గుచ్చిన ఒక కార్డు. నన్ను చూసి మా మరిది భార్య కూడా బంగారుపాళ్యంలో, హైవే పక్కన గది బాడుగకు తీసుకుని, అదే కంపెనీ డిష్షుతో అలాంటి సెంటరే పెట్టింది.

ఆమె సెంటరు నిలబడింది ఒక్క మనిషి మీద. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు ఒకాయన రోజూ పొద్దున వచ్చి, కొనేవాళ్ల మెయిళ్లు చూసుకుని, అక్కడే జవాబులు రాసేవాడు. ఆయన రావడం మానితే గదికి తాళమే. "ఆ దుడ్డుతో ఎనుమును కొనింటే పాలన్నా ఇచ్చుండును" అని మా అత్త అప్పటికే రెండుసార్లు అనేసింది.

ఆ ఏడు ఆయుధపూజ మా ఇంట్లో. నేను కంప్యూటరు పెట్టెకు బొట్టు పెట్టబోతుంటే మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"పని చేసేది ఈ పెట్టేనా?"

"లోపలుండే కార్డు, అత్తా."

"దాన్నిడిసి డబ్బాకు బొట్టా? ఎద్దును కొట్టంలో కట్టేసి బండికి పూజ చేసినట్లుండాది."

నా కార్డు ఊడదీశాను. ఫోను చేస్తే తోడికోడలు కూడా తనది ఊడదీసి, చేతిరుమాల్లో చుట్టి బస్సులో తెచ్చింది. నా బతిమాలుడు మీద, అంచున ఉన్న రేకు ముక్కకు మాత్రమే పసుపు, కుంకుమ పడ్డాయి. పూజ అయ్యాక మా అత్త ఒకే పీట మీదున్న రెండు కార్డులూ తీసి, గుగ్గిళ్ల పొట్లంతో పాటు ఇద్దరి చేతుల్లో తలా ఒకటి పెట్టింది.

పండుగ దాటి సెంటరు తెరిస్తే ఒక్క పేజీ రాదు. సిగ్నలు చూస్తే నిండుగా ఉంది. నాకు వెంటనే కుంకుమ మీద అనుమానం వచ్చింది, ఆ మాటే అన్నాను.

"బొట్టు పెడితే చెడిపోయే వస్తువు, మంచి వస్తువెట్లయితాది?" అంది మా అత్త, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

అంతలో బంగారుపాళ్యం నుంచి ఫోను.

"అక్కా, నీకు తెరుసుకుంటా ఉండాదా?"

"లేదు."

"నిజంగానే లేదా?"

"నీతో అబద్ధం చెప్పి నేనేం మూట కట్టుకోవల్లమ్మే?"

"అది కాదక్కా. మేనేజరు ఈడే కూసోనుండాడు. అరబ్బు దేశపోళ్ల ఆర్డరంట. సాయంత్రంలోగా జవాబు రాయకుంటే ఇంకో ఫ్యాక్టరీకి ఇచ్చేస్తారంట. ఇంకో గంట సూసి చిత్తూరుకు, నీ సెంటరుకే పోతానంటాడు. ఇప్పుడు పోతే మళ్లా వస్తాడా?"

ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. ఫోను పెట్టేసి కంపెనీకి చేశాను. ఎత్తినతను కార్డు మీది నంబరు చదవమన్నాడు. కార్డు బయటికి లాగి చదివాను.

"ఈ కార్డు బంగారుపాళ్యంలో ఉండాది మేడమ్."

"నా చేతిలో ఉంది."

"అప్పుడైతే మీరు బంగారుపాళ్యంలో ఉండారు."

"నేను చిత్తూరులో, మా ఇంట్లో, నా కుర్చీలో ఉన్నా. నీ కంపెనీ చెప్పిందని లేచి బస్సెక్కమంటావా?"

"మా కంప్యూటర్లో అట్లానే ఉండాది మేడమ్."

"మీ కంప్యూటరు..." అని ఎత్తుకున్న మాట అక్కడే ఆగిపోయింది. నా కళ్ల ముందు గుగ్గిళ్ల పొట్లాలు కనబడ్డాయి.

నేను చదువుకునే రోజుల్లో తిరుపతి బస్టాండులో ఎప్పుడూ మైకు మోగుతూ ఉండేది. ఫలానా ఊరి ఫలానా ఆమె కోసం ఆమె భర్త కాచుకుని ఉన్నాడు, రావలెను అని. బస్టాండంతా వింటుంది, ఆ ఒక్కామె మాత్రం మూట ఎత్తుకుని లేస్తుంది. ఉపగ్రహం చేసేదీ అదే. అందరి జవాబులూ అందరి డిష్షుల మీదా పడతాయి. ప్రతి జవాబుకూ ముందు ఒక కార్డు నంబరు ఉంటుంది, ఆ నంబరు కార్డు తప్ప మిగతావి ఊరుకుంటాయి. ఏ సెంటరుది ఏ నంబరన్నది కంపెనీ దగ్గర రాసి ఉంటుంది. నా జవాబులన్నీ నా కార్డు పేరు పెట్టి పిలుస్తున్నాయి. ఆ కార్డేమో బంగారుపాళ్యంలో, అడగని జవాబులు అందుకుంటూ కూర్చుంది. నా దగ్గరున్న తోడికోడలి కార్డుదీ అదే గతి.

కంపెనీ అతన్ని నంబర్లు మార్చి రాసుకోమన్నాను. ఇద్దరూ సంతకాలు చేసి ఫ్యాక్సు పంపితే రెండు మూడు రోజుల్లో మారుస్తారట. అతన్ని అనవలసినవి ఇంకా ఉన్నాయి కానీ, మేనేజరు ఇచ్చింది గంట. తోడికోడలికి ఫోను చేసి, కార్డు ఊడదీసి పెట్టమని, మేనేజరును కదలనివ్వద్దని చెప్పి చెప్పులు తొడుక్కున్నాను.

"అయితే తప్పు బొట్టుది కాదు గదా?" మా అత్త వాకిట్లోనే పట్టుకుంది.

"కాదు. పంచిన చేతిది."

"ఒగే ఇంటి కోడళ్లు, ఏది ఎవురికి పోతే ఏమిలే అని ఇచ్చినా. వాటికింత రోషముండాదని నాకేం ఎరుక?"



పలమనేరు పోయే బస్సులో, కార్డు ఒళ్లో పెట్టుకుని, నిలబడ్డవాళ్ల మోచేతులతో పోట్లాడుతూ బంగారుపాళ్యం చేరాను. మేనేజరు సంచీ భుజాన వేసుకుని గడపలో నిలబడి ఉన్నాడు. తోడికోడలు ఆయనకు మూడో కాఫీ ఇస్తోంది. ఆపడానికి ఆమెకు తెలిసిన ఉపాయం అదొక్కటే. నేను కార్డు గుచ్చాను, ఆమె స్క్రూలు బిగించింది. పేజీ పైనుంచి కిందికి, చాప పరిచినట్టు తెరుచుకుంది. మేనేజరు సంచీ కింద పెట్టి కూర్చున్నాడు. మెయిలు చదివి, రెండు వేళ్లతో జవాబు కొట్టి, అది పోయిందని తెరమీద చూసుకున్నాక గానీ కాఫీ తాగలేదు.

"రేపు తొమ్మిదికే తెరస్తారా?" అని అడిగి వెళ్లాడు.

తోడికోడలు నా కార్డును రుమాల్లో చుట్టి ఇస్తూ అడిగింది.

"ఒగ మాట అడగతా. నాది మాత్రమే సెడిపోయి, నీది బాగుండి, ఆయప్ప చిత్తూరుకు వచ్చుంటే?"

"కూర్చోబెట్టి మెయిలు చూపించి ఉంటా. వచ్చినోడిని వాకిట్లో నిలబెడతారా?"

"రెండో దినం?"

"రెండో దినం నీ సెంటరు బాగైందా అని నీకు ఫోను చేసి ఉంటా."

"సేసుంటావులే" అని నవ్వింది. నమ్మి నవ్విందో, నమ్మకనో నేను అడగలేదు. బస్టాపు దాకా వచ్చి, నాకు కిటికీ పక్క సీటు దొరికేదాకా కండక్టరుతో పోట్లాడింది. ఈ విద్య ఆమెలో ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

మరుసటి ఆయుధపూజకు మా అత్త రెండు పీటలు వేసింది.