రెండు భోజనాల కెప్టెన్

కెప్టెన్ గాబ్రియేలు రాత్రి భోజనం రెండుసార్లు చేస్తాడు. ఒకసారి తిని, చేయి కడుక్కుని, శుభ్రంగా తుడుచుకుని, అదే హోటల్లో కాస్త అవతలున్న ఇంకో మేజా దగ్గర కూర్చుని మళ్లీ మొదటి నుంచి తింటాడు. పైగా రెండోసారి కూడా పొద్దుటి నుంచి పస్తున్నవాడిలా మొహం పెడతాడు. ఆ మొహం చూస్తే కళ్యాణ్‌కు ఒళ్లు మండేది.

ఆ రోజుల్లో కళ్యాణ్‌కు దేన్ని చూసినా ఒళ్లు మండేది లెండి. అతను వేంపల్లెలో కిరాణా కొట్టు నడిపే నాగసుబ్బయ్య గారి కొడుకు. చిన్న విమానాలు నడిపే పచ్చ కంపెనీలో కో-పైలట్. రేపో మాపో కెప్టెన్ అవుతాడనగా నీలం కంపెనీ వచ్చి పచ్చ కంపెనీని గుటుక్కున మింగేసింది. పైలట్ల సీనియారిటీ కొత్తగా కట్టారు. నీలం వాళ్లంతా పైన, పచ్చ వాళ్లంతా కింద. కళ్యాణ్ కన్నా మూడేళ్లు వెనక ఉద్యోగంలో చేరిన శామ్ అనే నీలం కో-పైలట్ కూడా ఇప్పుడు అతనికి పైనే. కెప్టెన్ కుర్చీ కనుచూపు మేరలో లేకుండా పోయింది.

విలీనమైన రోజు పెద్ద కేకు కోసి, "ఇక మనమంతా ఒకే కుటుంబం" అన్నారు. నిజమే, ఆస్తి తగాదాలో ఉన్న కుటుంబం. కాక్‌పిట్‌లో పక్కపక్కన కూర్చుని, విమానం నడపడానికి అవసరమైన మాటలు తప్ప ఒక్క ముక్క మాట్లాడుకునేవాళ్లు కాదు. హోటల్ లిఫ్టులో నీలం వాడుంటే పచ్చవాడు మెట్లెక్కేవాడు. అలా ఒకసారి కళ్యాణ్ మెట్లెక్కుతుంటే సగంలో శామ్ దిగుతూ ఎదురయ్యాడు. లిఫ్టులో పచ్చవాడెవడో ఉన్నాడని అతనూ మెట్లదారి పట్టాడట. ఇద్దరూ గోడల వైపు చూస్తూ పక్కకు తప్పుకున్నారు.

రోజూ రెండు విమానాలు రాత్రికి కడపలో ఆగేవి. పైలట్లకు కంపెనీ ఒక హోటల్ ఇచ్చింది. రెండో విమానం కెప్టెన్ ఇల్లు ఆ ఊళ్లోనే, ఆయన అటే పోయేవాడు. కేబిన్ సిబ్బంది బజారులో తినొచ్చేవాళ్లు. భోజనాల హాల్లో మిగిలేది ముగ్గురే. కిటికీ పక్క మేజా దగ్గర కళ్యాణ్, టీవీ కింద శామ్, ఒకరి తర్వాత ఒకరి దగ్గర గాబ్రియేలు.

వేంపల్లె అక్కడికి గంట ప్రయాణం. అయినా సెలవు దొరికినా కళ్యాణ్ ఇంటికి పోయేవాడు కాదు. "మావోడు కెప్టెనైపోతాండాడు" అని కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ కందిపప్పుతో పాటు ఆ మాట కూడా పొట్లం కట్టి ఇస్తున్నాడు నాన్న. ఆ మాట వినే ధైర్యం లేక హోటల్ గదిలో ఏసీ చప్పుడు వింటూ పడుకునేవాడు. సొంత జిల్లాలో దిక్కులేనివాడిలా ఉండటం చెడ్డ దిగులు. ఎవరికైనా ఫోన్ చేద్దామన్నా చెప్పుకోవడానికి మంచి మాట ఒక్కటి ఉండేది కాదు.

అలాంటి సాయంత్రాల్లోనే, శామ్ దగ్గర నాటుకోడి పులుసూ రాగిసంగటీ ముగించి, బొజ్జ నిమురుకుంటూ గాబ్రియేలు వచ్చి ఎదురుగా కూర్చునేవాడు.

"ఏమప్పా కళ్యాణూ, తినేదానికి ఏం చెప్పినావు?"

"మీరు ఇప్పుడే తింటిరి గదా సార్."

"అది మాంసం పొట్టప్పా. కూరాకు పొట్ట ఇంకా ఖాళీగానే ఉండాది."

అని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేవాడు. వడ్డించే శేషన్న పప్పు గిన్నె పట్టుకుని నిలబడిపోయేవాడు.

"సార్, ఆ మేజా కాడ ప్రార్థన చేసినారు గదా?"

"అది కోడికి చేసినా శేషన్నా. పప్పుకు ఎవురు చేస్తారు?"

తర్వాత కారం దోసె, పప్పన్నం, పెరుగన్నం. మధ్యలో ఆగకుండా కబుర్లు. బేతంచెర్లలో వాళ్ల వీధి, అక్కడ కోసే నాపరాళ్లు, ఈ హోటల్ గచ్చుకు వేసినవి వాళ్ల ఊరి బండలేనన్న గర్వం. కళ్యాణ్ "ఊ" అనేవాడు. ఎప్పుడైనా పొరపాటున రెండు మాటలు మాట్లాడితే గాబ్రియేలు ఇంకో దోసె తెప్పించుకునేవాడు. "నీలం కంపెనీ మా కంపెనీని మింగినట్టే మింగుతాండాడు" అని కళ్యాణ్ తన పచ్చ మిత్రులకు ఫోన్‌లో చెప్పి నవ్వేవాడు.

అరవై దాటిన పైలట్లకు ఆరు నెలలకోసారి వైద్య పరీక్ష ఉంటుంది. ఆ వేసవిలో డాక్టర్లు గాబ్రియేలు బరువు చూశారు, షుగరు చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రస్తుతానికి నడపకూడదన్నారు. మూడు నెలల్లో తగ్గితే సరే. లేకపోతే రిటైర్మెంటుకు మిగిలిన ఏడాదీ నేల మీదే.

"తిండిపోతుకు తగిన శాస్తి" అనుకున్నాడు కళ్యాణ్ మొదటి రోజు. వారం తిరిగేసరికి అతనికి దోసె గొంతు దిగడం మానేసింది. అక్కడ టీవీ కింద శామ్ సంగటి ముద్దను వేలితో పొడుస్తూ కూర్చున్నాడు. గాబ్రియేలు బదులొచ్చిన కెప్టెన్ భోజనం గదికే తెప్పించుకునేవాడు. హాలంతా చెంచాల చప్పుడే. "సారు లేకపోతే సత్రం మాదిరి ఉండాదప్పా" అన్నాడు శేషన్న, ఇద్దరికీ వినబడేలా. ఇద్దరూ వినబడనట్టు నటించారు.

సెలవు రోజున కళ్యాణ్ మిఠాయి పొట్లం కొనుక్కుని బేతంచెర్ల వెళ్లాడు. రాతి దుమ్ముతో తెల్లబడిన వీధిలో ఇల్లు. గాబ్రియేలు భార్య జీవమ్మ తలుపు తీసింది.

"షుగరున్న మనిషికి మిఠాయి తెచ్చినావా నాయనా! శానా తెలివైనోడివే" అని ఆ పొట్లాన్ని అటు నుంచి అటే పక్కింటికి పంపించేసింది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చోబెట్టింది. గాబ్రియేలు సగం ముద్ద సంగటి, ఇంత ఆకుకూర తిని లేచిపోయాడు. డాక్టరు చెప్పిన పథ్యమా అని అడిగాడు కళ్యాణ్.

"పథ్యమా పాడా" అంది జీవమ్మ. "పెండ్లయినకాడ్నించి ఇంతే తింటాడు. రెండో ముద్ద పెడితే నాతో కొట్లాటే. ఇంత తక్కువ తినే మనిషికి ఆ బరువు యాడ్నించి వచ్చిండాదో ఆ దేవునికే తెల్ల."

కళ్యాణ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గుమ్మం అవతల నుంచి గాబ్రియేలు, హోటల్ సంగతి చెప్పొద్దు, చెప్పొద్దు అని అతనికి చేతులూపుతున్నాడు.

అరుగు మీదికి రాగానే కళ్యాణ్ నిలదీశాడు. "మీకు ఆకలే కాదంట గదా సార్! మరి ఆ రెండు భోజనాలేంది?"

"నువ్వొక్కనివే తింటాంటివి."

"శామ్ కాడ తినేది?"

"వాడూ ఒక్కడే తింటాండె." గాబ్రియేలు మెడ తడుముకున్నాడు. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా కంపెనీని గూడా ఇట్లనే మింగిరిలే. ఎవురూ పలకరించరు. రెండేండ్లు గోడకు ఎదురుగా కూచ్చోని తింటి. గోడ ఉప్పు అందియ్యదు గదప్పా. ఎదురుగా ఒగ మనిషుంటే ఎంత ఎండిపోయిన కూడైనా దిగుతాది."

"ఊరికే కూచ్చోని మాట్లాడింటే సాలదా?"

"తినకుండా కూచ్చుంటే జాలిపడి వచ్చినాడనుకుంటారు. అప్పుడు మీరు లేచిపోరూ?"

"ఇద్దర్నీ ఒగ మేజా కాడికే పిలవొచ్చు గదా సార్!"

"పిలిస్తి గదా. వాడుంటే రానంటివి నువ్వు. నువ్వుంటే రాననె వాడు."

కళ్యాణ్‌కు ఆ రోజు గుర్తొచ్చింది. ఆ మాట అన్నందుకు అప్పుడు ఎంత గర్వపడ్డాడో కూడా గుర్తొచ్చింది. తమ ఇద్దరి పంతం తూకం వేస్తే సరిగ్గా ఈయన పెరిగిన బరువంత ఉంటుంది. ఆ బరువుకే ఈయన ఆకాశం పోయేలా ఉంది.

కడప చేరగానే కళ్యాణ్ నేరుగా టీవీ కిందికి నడిచాడు.

"నీతో నాకు మాటల్లేవు శామ్. కానీ సారు సంగతి చెప్పాల."

అంతా విని శామ్ సంగటి ప్లేటు పక్కకు నెట్టాడు. "నా కాడ రోజూ రెండు ముద్దలు తినె" అన్నాడు. "నేనే ఇంకోటి పెట్టిస్తాంటి."

మూడు నెలలకు గాబ్రియేలు పరీక్ష గట్టెక్కాడు. మళ్లీ ఆరు నెలలకు చూస్తాం, ఒళ్లు దగ్గర పెట్టుకోమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆ సాయంత్రం గాబ్రియేలు హోటల్లో అడుగుపెట్టేసరికి మధ్యలో ఒకే మేజా, దానికి చెరోవైపు పచ్చా, నీలం. ఇద్దరి మొహాలూ ముటముటలాడుతున్నాయి. అయినా కూర్చునే ఉన్నారు.

ఆయన తినడం మొదలుపెట్టాడో లేదో గొడవ మొదలైంది.

"మూడేండ్లు వెనకొచ్చి నా మీద కూచ్చుంటివి."

"నేను కట్టినానా ఆ సీనియారిటీ? మీ కంపెనీ ఎందుకు మునిగె మరి?"

గాబ్రియేలు సగం ముద్ద తిని చేయి ఆపాడు. గొడవలో ఉన్న శామ్ అలవాటుగా ఇంకో ముద్ద ఆయన ప్లేటులో వేయబోయాడు. కళ్యాణ్ ఆ చేయి పట్టుకున్నాడు.

"పెట్టాకు! సారుకు మెడికల్ ఉండాది."

"సగం ముద్దకే లేస్తే నీరసమొస్తాది."

"డాక్టరువా నువ్వు?"

"నువ్వా?"

ఆ ఇద్దరికీ పోట్లాడుకోవడానికి ఇంకో సంగతి దొరికింది. నడుమ గాబ్రియేలు కుర్చీకి వెనక్కి చేరగిలబడి, ఎవరికీ అడ్డు చెప్పకుండా, హాయిగా మజ్జిగ తాగుతూ కూర్చున్నాడు.