ఉల్టా పెట్టుకుని చూడలేదు

ఆ రోజు పొద్దున నా హెడ్‌ఫోన్ ఎడమ వైపు చెడిపోయిందని అనుకున్నాను. ఆ ఒక్క తప్పుడు నిర్ధారణతో పదకొండు రోజులు పోగొట్టుకున్నాను.

నేను మహబూబాబాద్‌లో ఉంటాను. మా వాళ్లందరూ మానుకోట అనే అంటారు. కాలేజీ డిబేట్ జట్టులో మూడేళ్లు మాట్లాడాను. అక్కడ నా వాదన వినకముందే నా యాసకు నవ్వినవాళ్లున్నారు. బహుశా అందుకే, అమెరికా దక్షిణ రాష్ట్రాల సదరన్ రాక్ మొదటిసారి విన్నప్పుడు ఆ గాయకులు మాటల్ని సాగదీసే యాస నాకు పరాయిగా తోచలేదు. వాళ్ల యాసను వాళ్ల దేశపు సినిమాలు కూడా మొరటు పాత్రలకే అంటగట్టాయని తర్వాత చదివాను. ఆ సంగీత చరిత్రలో నేను ఒప్పుకోలేని జెండాలూ ఉన్నాయి, ఒకప్పుడు బానిసత్వం కోసం యుద్ధం చేసిన పక్షానివి. వాటిని ప్రశ్నిస్తూనే విన్నాను. నన్ను కట్టిపడేసింది జంట గిటార్లు. ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఒకటి. ఒకటి మాట మొదలుపెడితే, రెండోది అడ్డుతగలకుండా అందుకుని ముందుకు తీసుకెళ్తుంది. అంత మర్యాద నేను ఏ డిబేట్ పోటీలోనూ చూడలేదు.

ఆ పొద్దున ఎడమ గిటార్ లేదు. చెవి దిబ్బడ వేసినట్టుంది, లోపల సన్నటి హోరు. గిటార్ రాకపోవడానికి వైరు కారణమనుకున్నాను, హోరుకు జలుబు కారణమనుకున్నాను. ఒకే సంగతికి రెండు కారణాలు వెతికాను.

స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే యాకూబ్ అన్న దగ్గరకు వెళ్లాను. ఆయన పెట్టుకుని విన్నాడు.

“రెండు దిక్కుల మంచిగనే మోగుతున్నది అక్కా.”

“మంచిగ మోగితే నేనెందుకొస్తనన్నా? ఎడమ దిక్కు గిటార్ వస్తలేదు.”

“గంత లొల్లెందుకు, జర ఉల్టా పెట్టుకొని సూడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. తప్పు దేనిదో గప్పుడు తెలుస్తది.”

నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. “పరీక్షలు నాకు పెట్టకన్నా. వైరు మార్చు.”

“సరే వకీలమ్మా,” అని నవ్వి మార్చాడు. గిటార్ రాలేదు. మళ్లీ వెళ్లి జాక్ మార్పించాను. అప్పుడూ రాలేదు.

తొమ్మిదో రోజు నర్సింహులపేట నుంచి అమ్మ ఫోన్ చేసింది. కుడి చేతిలో కూరగాయల సంచి ఉండటంతో ఎడమ చెవికి పెట్టుకున్నాను. హలో, హలో అని నేనే అరుస్తున్నాను. కుడి చెవికి మార్చగానే అమ్మ నవ్వు వినిపించింది.

“ఏంది బిడ్డా, చెవుడొచ్చిందా?”

ఫోన్ మళ్లీ ఎడమ చెవికి మార్చి చూశాను, అమ్మ గొంతు మాయమైంది.

మా వీధి ఆర్ఎంపీ చెవిలోకి చూసి గుబిలి అన్నాడు, చుక్కల మందు ఇచ్చాడు. మరో రెండు రోజులు అలా గడిచాయి. అప్పుడు వరంగల్ రైలెక్కాను.

అక్కడ ఈఎన్‌టీ డాక్టర్ ఆడియోమెట్రీ చేయించారు. శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. కుడి చెవికి నొక్కుతూ పోయాను. ఎడమకు వచ్చేసరికి వేలు దాదాపు కదలనే లేదు.

“సడన్ సెన్సోరిన్యూరల్ హియరింగ్ లాస్. లోపలి చెవి దెబ్బతిని ఒక్కసారిగ వినికిడి పోయింది. దీన్ని ఎమర్జెన్సీ లెక్క చూడాలమ్మా. ఇన్ని రోజులు ఏం చేసినవ్?”

“హెడ్‌ఫోన్ రిపేర్ చేయించిన సార్.”

ఆయన పెన్ను కింద పెట్టారు.

“పాటలు వినుడు వల్లనా సార్?”

“ఎంఆర్ఐ తీద్దాం. చాలామందిల కారణం దొరకది. ఇడియోపతిక్ అని రాస్తం.”

“అంటే?”

“తెల్వదని.”

తిరుగు రైలులో హెడ్‌ఫోన్ ఉల్టా పెట్టుకున్నాను. పోయిందనుకున్న గిటార్ కుడి చెవిలో నిక్షేపంగా మోగుతోంది. కుడి గిటార్ మాయమైంది.

స్టెరాయిడ్ మాత్రలతో ముఖం ఉబ్బింది, నిద్ర కరువైంది. ఎంఆర్ఐ నార్మల్. రెండు వారాలకు కాస్త వినికిడి వచ్చింది, తర్వాత అక్కడే ఆగిపోయింది. కర్ణభేరి గుండా లోపలికి ఇంట్రాటింపానిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. గదంతా గిర్రున తిరిగింది. “మొదట్లోనే వస్తే ఇంకింత ఛాన్స్ ఉండేది” అన్నారు డాక్టర్. ఆ వాదనలో పాయింటు ఆయనకే ఇచ్చేశాను.

ఇంట్లో మాత్రం వాదన తెగలేదు. “ఆ ఇంగ్లీషు లొల్లి వినకుంటే గిట్లయితుండెనా?” అంది చిన్నమ్మ.

“డాక్టరే తెల్వదన్నడు చిన్నమ్మా.”

“ఆయనకు తెల్వకుంటే నాకు తెల్వదా?”

ఏడు నెలలైంది. ఎడమ చెవికి మాట ఉందని తెలుస్తుంది, ఏ మాటో తెలియదు. హోరు పోలేదు. యాకూబ్ అన్న నా ఫోన్‌లో రెండు వైపుల శబ్దాన్నీ ఒకటిగా కలిపే మోనో ఆడియో పెట్టి ఇచ్చాడు. నేను చెప్పలేదా అని ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు రెండు గిటార్లూ కుడి చెవిలోనే మోగుతాయి. స్వరాలన్నీ ఉన్నాయి. వాటి మధ్య ఉండే చోటు లేదు. నేను ప్రేమించింది ఆ చోటునే.

ఒక చెవిలో పాట తగ్గితే హెడ్‌ఫోన్ ఉల్టా పెట్టుకుని చూడండి. నిశ్శబ్దం రెండో చెవికి మారితే తప్పు వస్తువుది. మారకుండా అదే చెవిలో ఉండిపోతే ఎవరితోనూ వాదించకండి. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి.