జోడీ లేకుండా దిగే ఆట

భూపాలపల్లిలో ఒక బొగ్గుబాయి దగ్గర ల్యాంపు రూంలో నేనూ రజితా పని చేస్తాం. బాయిలోకి దిగేవాళ్లకు నంబరు చూసి టోపీ లైటు ఇవ్వడం, షిఫ్టు అయ్యాక తిరిగి తీసుకుని ఛార్జింగ్ పెట్టడం మా పని. ఒక్క లైటు తిరిగి రాలేదంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. వెంటనే, లోపల మనుషుల్ని చూసుకునే సర్దార్‌కు చెప్పాలి.

రజితకు ఇరవై తొమ్మిదేళ్లు. మనిషి నెమ్మది, ఫోను పడితే మాత్రం వేళ్లు ఆగవు. కాస్త ఖాళీ దొరికితే బయట బెంచీ మీద కూర్చుని ఆటలే ఆటలు. నాకు ఒళ్లు మండేది.

"కండ్లు పోతయే పిల్లా" అంటే, "పోతే దవాఖానల అద్దాలిస్తరు తియ్ పద్మక్కా" అనేది.

ఆ నౌకరీ ఆమె తండ్రి బాలనర్సయ్యది. ఇరవై ఎనిమిదేళ్లు టింబర్‌మన్‌గా చేశాడు. అంటే బాయిలో పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే మనిషి. ఆ పనికి ఇద్దరిద్దరు జోడీగా దిగాలి. మోకాళ్లు అరిగి, ఇక దిగలేడని తేలాక ఆయన బదులు బిడ్డకు ల్యాంపు రూంలో పని ఇచ్చారు. ఇంట్లో కూర్చున్న కొన్నాళ్లకే మాట తగ్గింది. గడ్డం గీసుకోవడం మానేశాడు. మంచం, గోడ, అంతే. ఆయన భార్య ఓదెమ్మ నిమ్మకాయలతో దిష్టి తీసింది. కొత్తగూడ అడవిలో ఎవరో వేరు మందు ఇస్తారంటే అక్కడికీ తీసుకుపోయింది. చివరికి డాక్టరు చూసి, ఇది మనసుకు వచ్చిన జబ్బు, వరంగల్‌లో ఆ వైద్యం చేసేవాళ్లకు చూపించండని చీటీ రాశాడు.

"నాయిన నౌకరీ నేను చెయ్యబట్టే ఆయన గిట్లయిండు" అని రజిత కుమిలిపోయేది. నేను తిట్టేదాన్ని. తిడితే పోయే బాధ కాదది.

బతిమాలగా బతిమాలగా ఆయన వరంగల్ రావడానికి సరేనన్నాడు. సోమవారం ప్రయాణం. ఆదివారం మధ్యాహ్నం రజిత తండ్రి మంచం మీదే ఓ చివర కూర్చుని ఆట మొదలుపెట్టింది. పాడుబడ్డ పిచ్చాసుపత్రి. గదికొక రోగి, తెల్ల గౌను, చింపిరి జుట్టు. కనిపించినవాణ్ణల్లా ఇనుప రాడ్డుతో కొట్టుకుంటూ పోవాలి. బాలనర్సయ్య మెల్లగా ఇటు తిరిగి చూశాడు. ఎన్నాళ్లకో ఒకదాని మీద చూపు నిలిపాడు గదా అని ఆ పిచ్చిపిల్ల సంబరపడి ఫోను ఆయనకు కనబడేలా వంచింది.

"ఆయన ఎవలు బిడ్డా?"

"పేషెంటు నాయినా."

"ఏం జేసిండు?"

"ఏం జెయ్యలె. పిచ్చోడు గద" అంటూ ఇంకో దెబ్బ వేసింది.

ఆయన గోడవైపు తిరిగాడు. మర్నాడు ఎంత లేపినా లేవలేదు. "నేను రాను. నన్ను ఆడికి తోలియ్యకుండ్రి" అని ఒకటే మాట.

ఇది విన్నప్పుడు నాకు రజిత మీద కన్నా ఆ ఆటలు తయారుచేసేవాళ్ల మీద కోపం వచ్చింది. జనాన్ని భయపెట్టాలంటే వాళ్లకొక దయ్యం కావాలి. దయ్యం పాతబడిందనుకుంటే మనసు బాగాలేని మనిషి దొరుకుతాడు. మోకాలు బాగాలేనివాణ్ణి ఎవడైనా దయ్యం చేశాడా?

రజిత ఆ ఆట తీసేసింది. వారం రోజులు ఫోను ముట్టలేదు. తర్వాత ఒకరోజు ఏడ్చిన ముఖంతో వచ్చింది. "అక్కా, అన్ని ఆటలు గట్ల లెవ్వు. గిది జూడు" అని చూపించింది. అందులో కొట్టడాలు లేవు. చిన్న మనిషి ఒకడు చేతిలో దీపంతో చీకటి లోయలోకి దిగుతుంటాడు. ఉన్నట్టుండి కూర్చుండిపోతాడు. ఎక్కడ నొక్కినా లేవడు. ఎంత గట్టిగా నొక్కితే దీపం అంత చిన్నదవుతుంది. ఊరికే పక్కన ఉండాలి. కాసేపటికి వాడే లేస్తాడు.

నేను చాలాసేపు చూశాను. మా ఆయన పోయిన ఏడాది నేనూ అట్లాగే కూర్చుండిపోయాను. లేవే, లేవే అని ఇంటిల్లిపాదీ పొడిచారు. ఒక్కరు పక్కన కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో! ఈ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ బెంచీ మీద రజితకు చెప్పాను.

ఆ సాయంత్రమే ఆమె ఆటను తండ్రికి చూపించింది. భయపడతాడేమో అనుకుంది, ఏడుస్తాడేమో అనుకుంది. ఆయనకు కోపం వచ్చింది.

"గీన్ని ఒక్కన్నే ఎవడు దింపిండు?"

"ఆటల ఒక్కడే ఉంటడు నాయినా."

"జోడీ లేకుండ మనిషిని దింపుతరా? సర్దార్ ఏడి? బండ పడితే ఎవడు జూడాలె? లైటు రాలేదని ఎవడు జెప్పాలె?"

నెలల తరబడి వినని గొంతు విని ఓదెమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. రజితకు ఏం తోచిందో, తండ్రి చెయ్యి పట్టుకుంది.

"మరి నువ్వు ఒక్కనివే దిగినవు గద నాయినా. నీ లైటు రాలేదని నేను జెప్తున్న. జోడీ నేనొస్త, పోదాం."

ఆయన రెండు రోజుల తర్వాత గడ్డం గీసుకుని, వరంగల్ బస్సు ఎన్నింటికని అడిగాడు.

ప్రయాణం రోజు నాకు సెలవు. నేనూ వెంట వెళ్లాను. పరకాల దాటేదాకా ఆయన కిటికీ చువ్వ వదలలేదు. దవాఖానలో అడుగు పెట్టబోతూ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపల బెంచీల మీద జనం. ఒకావిడ కూతురికి జడ వేస్తోంది. ఒకాయన టిఫిన్ డబ్బా విప్పి ఉప్మా తింటున్నాడు. మరొకాయన ఫోనులో ఎవరికో ఎరువు బస్తాల గురించి చెబుతున్నాడు. బాలనర్సయ్య ఒక్కొక్కరి ముఖమూ పరీక్షగా చూశాడు.

"గింతేనా?" అన్నాడు.

"గింతే నాయినా" అంది రజిత. ఆమె తల ఎత్తలేకపోయింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. మా ఇద్దర్నీ కూడా కూర్చోబెట్టుకుంది. "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

"నౌకరీ బందైన సంది మేడం. ఎనిమిది నెలలు" అంది రజిత.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "పదకొండేండ్లు."

మేమిద్దరం ఆయన వంక చూశాం. ఆయన బల్ల మీద చూపు పెట్టి చెప్పుకుపోయాడు.

"నా జోడీ దేవదాసు. దుంగ తెద్దామని పోయిన నేను. అయిదు నిమిషాలమ్మా. ఆన్ని ఒక్కన్నే ఇడిసిపెట్టి పోయిన. వచ్చేవరకు ఆని మీద బండ పడ్డది. రోజు బాయిల దిగితే, ఇంకోనికి దుంగ నిలబెడితే జర నయమనిపించేది. ఇంట్ల కూసున్న సంది గా అయిదు నిమిషాలే యాదికొస్తున్నయి."

రజిత ఆయన మోకాలు పట్టుకుని ఏడ్చేసింది. "పదకొండేండ్ల సంది మాకు ఒక్క మాటన్న ఎందుకు జెప్పలేదు నాయినా?"

 ఆయన గొంతులో కోపం లేదు.

"ఇంటికి రాంగనే మీరు అన్నం తిన్నవా అని ఒక్కటే అడిగేటోళ్లు బిడ్డా. తిన్నననేటోన్ని."