సెల్లారు కాదు, మగ్గం గుంట

ప్లాన్లు పరీక్షించే కార్పొరేషన్ కంప్యూటరు మా చిన్నమ్మ మగ్గం గుంటను సెల్లారు అనుకుంది. ఇంటి ప్లాను వెనక్కి పంపుతున్నామని మెసేజ్ నా ఫోనుకే వచ్చింది. దరఖాస్తులో ఇచ్చింది నా నంబరే. అప్పుడు నేను కర్నూల్లో మా ఇంట్లో, ఆఫీసు మీటింగులో మైకు ఆపేసి దోసె తింటున్నాను. సెల్లారుకు ర్యాంపు చూపలేదట. గాలి, వెలుతురు వచ్చే దారి చూపలేదట. అసలు అంత చిన్న స్థలంలో సెల్లారుకు అనుమతే లేదట. ఏ సెల్లారు, ఎవరి సెల్లారు అని ప్లాను తెరిచి, వేళ్లతో పెద్దది చేసి చూశాను. కింది గది మధ్యలో, చిన్నమ్మ కూర్చుని కాళ్లు దించుకునే గుంట. అందులోకి కారు ఎట్లా దిగుతుందని మమ్మల్ని అడుగుతున్నారు.

చిన్నమ్మ వాళ్లది కడప పక్కన చేనేత ఊరు. నా చిన్నప్పుడు అది పంచాయతీ. ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకునేవాళ్లు. తర్వాత ఊరు కార్పొరేషన్లో కలిసింది. ఇప్పుడు ముందర ఎంత జాగా వదలాలి, పక్కన ఎంత వదలాలి, ఎంత ఎత్తు లేపొచ్చు, కింద ఏం పెట్టొచ్చు, అన్నిటికీ రూల్సు ఉన్నాయి. చిన్నమ్మ వాళ్ల మట్టిమిద్దె వానకు కురుస్తోందని, కొత్తది కట్టుకుందామని కూల్చేశారు. అద్దెకు దిగింది మేడ మీద గదుల్లో. మేడ మీద గుంట తవ్వలేరు కాబట్టి మగ్గం విప్పేసి, కర్రలన్నీ పక్కింటి గోడకు ఆనించి పెట్టారు.

పైన గుంట అక్కర్లేని స్టాండు మగ్గం పెట్టుకోవచ్చు కదా అని నేను అడిగాను. ఈ ఎండలకు మేడ గదిలో పోగు ఎండిపోయి పుటుక్కుమంటుందని, నేల చెమ్మ తగులుతుంటేనే తను నేసే సన్న నూలు నిలుస్తుందని చిన్నమ్మ చెప్పింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె కాళ్లు ఆ గుంటలోనే ఉన్నాయి. కొత్త ఇంట్లో కింద మగ్గం గది లేకపోతే ఆమె నేత అంతటితో ఆగిపోతుంది. వంటగది ఎక్కడుండాలో, మెట్లు ఎటు రావాలో ఆమె ఒక్క మాట అనలేదు. మగ్గం గది మాత్రం ఉండాలంది.

వీధిలో కొత్తగా లేచిన ఇళ్లన్నీ స్తంభాల మీద నిలబడి ఉన్నాయి. కింద పార్కింగుకు వదిలేస్తే ఆ ఎత్తును లెక్కలోకి తీసుకోరు, పైన ఇంకో అంతస్తు వేసుకుని అద్దెకిచ్చుకోవచ్చు. చిన్నాయన మనసు కూడా కొంచెం అటే లాగుతుండేది. ప్లాను గీసే ఇంజినీరు ఇంకో దారి చెప్పాడు.

"కింద పార్కింగని గీస్తానమ్మా. అనుమతి వచ్చినాక మగ్గం పెట్టుకుంటారో, మంచం ఏసుకుంటారో, ఎవురొచ్చి చూస్తాండారు?"

నాకు ఒళ్లు మండింది. వెనక వీధిలో ఒకాయన పార్కింగు చూపించి కిరాణా కొట్టు పెట్టుకుంటే, ఎవరో ఫిర్యాదు చేసి, షట్టరుకు నోటీసు అంటించి పోయారు. రేపు చిన్నమ్మ మీద ఎవరికైనా కోపమొస్తే ముందు పూడ్చమనేది ఆ గుంటనే. ఉండబోయేది ఉన్నట్టే గీయమని ఫోన్లో అతనితో పెద్ద గొడవ పెట్టుకున్నాను. అతనూ తక్కువవాడేం కాదు. మాస్టర్ ప్లాన్లో మా వీధి పసుపు రంగులో ఉందని, పసుపంటే కాపురాలుండే జాగా అని, మగ్గాలూ మిషన్లూ కావాలంటే ఊరిబయట ఊదా రంగు వేసిన చోటికి పోవాలని పాఠం చెప్పాడు. అయినా గీయమన్నాను. గుంటతో సహా, లోతుతో సహా గీసి పంపాడు. అదే ఇప్పుడు వెనక్కి వచ్చింది. నేను ఫోన్ చేయకముందే అతనే చేసి, "ఏమ్మా, సెల్లారు బాగుండాదా?" అని అడిగాడు.

మరుసటి రోజు సెలవు పెట్టి కడప బస్సెక్కాను. నంద్యాల దాటినా ఫోన్లో బిల్డింగు రూల్సూ, జోనింగు రూల్సూ చదువుతూనే ఉన్నాను. పక్క సీట్లో పెద్దామె నన్నే చూస్తూ, పరీక్షా పాపా అని అడిగింది. అవునన్నాను. చాగలమర్రి దగ్గర నాకు కావలసిన ముక్క దొరికింది. కాపురాలుండే జోన్లో, ఇంట్లోవాళ్లు ఇంట్లోనే చేసుకునే చిన్న పరిశ్రమ, పొగా రొదా లేనిదైతే, పెట్టుకోవచ్చు. పసుపు రంగు చిన్నమ్మను వెళ్లగొట్టడం లేదు. ఆమెకు చోటు ముందే పెట్టి ఉంది. ఇంజినీరు అక్కడిదాకా చదవలేదు, అంతే. నేను సీట్లోంచి లేచినంత పని చేశాను. మైదుకూరు వచ్చేలోపు సెల్లారు అంటే ఏమిటో కూడా దొరికింది. నేల కింద కట్టే అంతస్తు. అంతస్తంటే దానికో కప్పు, ఓ నేల ఉండాలి, మనిషి నిలబడి తిరగాలి. రెండూ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను.

చిన్నమ్మను వెంటబెట్టుకుని వెళ్లిన టౌన్ ప్లానింగ్ ఆఫీసులో కథ నేననుకున్నట్టు జరగలేదు. ఆఫీసరుకు మా నాన్న అంత వయసు ఉంటుంది. మా ఫైలు తెరిచి, తెర మీద పైకీ కిందికీ జరుపుతూనే ఉన్నాడు. నేను ఆగలేకపోయాను. మీ కంప్యూటరుకు కాళ్లుంటే దానికి తెలిసేది అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. పక్క టేబుళ్లవాళ్లు ఇటు తిరిగారు. చిన్నమ్మ బల్ల కింద నా తొడ గిల్లింది. ఆఫీసరు మాత్రం నా ఫోను తీసుకుని ఆ రెండు ముక్కలూ చదివి, మగ్గం గదికి అభ్యంతరం లేదన్నాడు. ఇంటి పరిశ్రమ కింద పసుపు జోన్లో అది చెల్లుతుందట. తనకు అనుమానమంతా గుంట గురించే. గుంట మగ్గాన్ని తనెప్పుడూ దగ్గర్నుంచి చూడలేదని, చూడకుండా అది సెల్లారు కాదని రాయలేనని చెప్పాడు.

"అయితే వచ్చి చూడండి సార్. దూరమేం కాదు," అంది చిన్నమ్మ.

మరునాడు పొద్దున్నే ఆయన స్కూటరు మీద వచ్చాడు. మా స్థలంలో చూపించడానికి ఏమీ లేదు. మట్టి, మూలన పాత గడపరాళ్లు. ముందర రోడ్డుకు ఎంత వదులుతున్నామో టేపు పట్టి కొలుచుకున్నాడు. చిన్నాయన టేపు రెండో కొస పట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చిన మనిషిలాగా బిగుసుకుపోయి ఉన్నాడు. ఆ తర్వాత చిన్నమ్మ ఆయన్ను పక్కింట్లోకి తీసుకుపోయింది. వాళ్ల గుంట మగ్గం ఆడుతూ ఉంది. నేస్తున్న పక్కింటామెను లేవమని, తను కూర్చుని కాసేపు నేసి చూపింది. ఆయన వంగి గుంటలోకి తొంగి చూస్తున్నాడు.

"అట్ల పైనుంచి చూస్తే తెలీదు సార్. మీరే కూర్చోండి," అని లేచింది.

ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించాడు. కింద చెక్కను తొక్కితే పడుగు పోగులు రెండు వరసలుగా విడిపోయాయి. తాడు లాగితే అడ్డపోగును మోసుకెళ్లే నాడె సగం దూరం పోయి ఆగింది.

"మెల్లగ సార్, పోగు తెగుతాది. మగ్గం నాది కాదు," అంది చిన్నమ్మ. పక్కింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను వీడియో తీస్తూనే ఉన్నాను. ఆయన ఆపమనలేదు. ఇంకోసారి తొక్కి, ఈసారి నాడెను ఆ చివరిదాకా పంపించి, అప్పుడు తల ఎత్తాడు.

"ఇది అంతస్తేమిటమ్మా, కుర్చీ. కాళ్లు కిందకి పెట్టుకునే కుర్చీ."

"నిన్న నేను చెప్పింది అదే కదా సార్," అన్నాను.

"నిన్న నువ్వు అరిచావు. చెప్పలేదు."

వీడియో ఆపేశాను. ఆ మాటకు కోపం మాత్రం రాలేదు.

గుంటను కింది అంతస్తుగా కాకుండా మగ్గానికి చెందిన సీటుగా గీయించమన్నాడు. గదికి ఇంటి పరిశ్రమ అని పేరు రాయాలి. తను చూసి వచ్చిన సంగతి ఫైల్లో రాస్తానన్నాడు. స్కూటరు తీయబోతూ చిన్నాయనను అడిగాడు, కింద పార్కింగు లేకపోతే పైన ఒక అంతస్తు తగ్గుతుంది, బాగా ఆలోచించుకున్నారా అని. ఈ ప్రశ్న చిన్నాయనను ఇన్నాళ్లలో ఎవరూ సూటిగా అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన టేపు చుడుతూ చిన్నమ్మ వైపు చూశాడు.

"ఆ అంతస్తు మాకెందుకు సార్? ఈమె దాంట్లో ఖాళీగ కూచోని దినామూ నన్ను తిట్టేకా?"

అనుమతి మెసేజ్ వచ్చినప్పుడు నేను కర్నూల్లో ఆటోలో ఉన్నాను. నేను వేసిన కేకకు ఆటో అన్న బ్రేకు వేసి, ఏమైందప్పా అని వెనక్కి తిరిగాడు. ప్లాను పాసైందని చెప్పాను. ఏ కాలేజీలో అని అడిగాడు. వివరించే ఓపిక లేదు, నవ్వుతూనే ఉన్నాను. వెంటనే చిన్నమ్మకు ఫోన్ చేస్తే ఆమె మొత్తం విని, మగ్గం గదికి కిటికీ ఎటు పెట్టినారని అడిగింది. ఉత్తరం వైపని చెప్పాను. సరేలే అంది. అంతసేపూ నా పక్కన ఎవరో గట్టిగా మేళం కొడుతున్నట్టే ఉంది నాకు.

నెల తిరక్కముందే ఇంజినీరు ఫోన్ చేశాడు. గొంతులో వెనకటి వెటకారం లేదు. ఆ వీధిలో ఇంకొన్ని ఇళ్లవాళ్లు కింద మగ్గం గది పెట్టే గీయమంటున్నారట. జోనింగు రూల్లో ఆ ముక్క ఏ పేజీలో ఉందో పంపించమ్మా అన్నాడు. పనిలో ఉన్నానని, సాయంత్రం పంపిస్తానని చెప్పాను. పనేమీ లేదు. సాయంత్రందాకా ఆగి పంపించాను.

కింది స్లాబు పడి, సెంట్రింగు కర్రలు తీసిన వారానికే చిన్నమ్మ గుంట తవ్వించింది. తలుపులు లేవు, కరెంటు లేదు, గోడలకు పూత లేదు. పైన మేస్త్రీలు ఇటుకలు పేరుస్తుంటే కింద మగ్గం బిగించుకుని, సిమెంటు దుమ్ము పడకుండా పడుగు మీద పాత చీర కప్పి, తెరుచుకున్న వాకిలి వెలుతుర్లో నేత మొదలుపెట్టింది. నేను వెళ్లేసరికి చీర కొంగుదాకా వచ్చింది. వీధిలో పోతున్న ఒకామె వాకిట్లో నిలబడి, ఇల్లు కాకముందే కూచుంటివే అక్కా అంది.

చిన్నమ్మ చేతులు ఆపలేదు. "ఇల్లు వాళ్లు కడతాండారు కదా. నా పని నేను చేసుకుంటాండా," అంది.