మా బావ పెట్టని సంతకం

మా అక్క భర్త నాచారంలోని ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేస్తాడు. ఒక మధ్యాహ్నం ఉప్పల్ నుంచి డ్యూటీకి వెళ్తుంటే, బండ్ల తనిఖీలో ఒక ఎస్సై ఆపాడు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. "జర జల్ది సూడున్రి సార్, డ్యూటీకి టైమయితుంది" అన్నందుకు చెంప మీద కొట్టాడు. ఎడమ కర్ణభేరి పగిలింది.

పై అధికారులకు ఫిర్యాదు ఇచ్చాం. బావ మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ విచారణ నడుస్తోందన్నారు. ఆర్నెల్లయినా ఉలుకూ పలుకూ లేకపోయేసరికి నాకు ఒళ్లు మండింది. ఆ ఎస్సై మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఏం చర్య తీసుకున్నారు, మా ఫిర్యాదు ఏమైంది అని సమాచార హక్కు కింద అడిగాను.

ఒక్క వాక్యం జవాబొచ్చింది. అది అధికారి వ్యక్తిగత సమాచారం కాబట్టి ఇవ్వరట. నడిరోడ్డు మీద యూనిఫాంలో, పదిమంది చూస్తుండగా కొట్టిన దెబ్బ వ్యక్తిగతం ఎలా అవుతుంది?

అప్పీలుకు వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు.

"ఎందుకమ్మా గివన్నీ? మీ బావ పనికి పోతనే ఉన్నడు గదా."

"ఒక చెవి ఇనవడదు సార్. మా ఫైల్ల ఏం రాసిన్రో సూస్తా అంటున్న, అంతే."

చివరికి మా ఫైలు నకలు ఒక్కటే ఇచ్చారు. ఆఖరి పేజీలో, ఫిర్యాదుదారు స్వయంగా వచ్చి ఇష్టపూర్వకంగా ఫిర్యాదు వాపసు తీసుకున్నాడని ఉంది. కింద ఇంగ్లిషు సంతకం. మా బావ తెలుగులో తప్ప సంతకం పెట్టడు. పైగా ఆ తేదీన ఆయన చెవి ఆపరేషనయి దవాఖానాలో ఉన్నాడు. పక్కన నేనే ఉన్నాను.

బావ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"కొట్టిందేమో కోపంల కొట్టిండనుకున్న. గిది మాత్రం కూసొని, నిమ్మళంగ రాసిన్రు," అన్నాడు.

అక్క భయపడింది. "ఆళ్లతోని మనకెందుకే, ఇడిసిపెట్టు" అంది. ఆమె మీద గట్టిగా అరిచాను. అరవాల్సింది ఆమె మీద కాదని తెలిసే అరిచాను.

ఆ నకలు, దవాఖానా డిశ్చార్జి కాగితం పెట్టి కోర్టులో కేసు వేశాం. జడ్జి బావతో తన ముందే సంతకం చేయించుకుని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఎస్సైకి సమన్లు పంపమన్నారు. రెండు వాయిదాలకు అతను రాలేదు. ఈలోగా ప్రమోషన్ కూడా వచ్చిందట. మిగతా ఫిర్యాదుల జాబితా కోసం నేను పెట్టిన రెండో అప్పీలు ఇంకా తేలలేదు.