ముస్రత్ గేట్ పాసు

ముస్రత్ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు, ఆమెను నలుగురిలో నిలబెట్టి మాటలన్న మా మిల్లు మీద.

ఆదోని మార్కెట్ యార్డులో కొన్న పత్తిని గింజ తీసి బేళ్ళు కట్టే మిల్లు మాది. నేను కాటా దగ్గర తూకం చూస్తాను. ముస్రత్ ఆఫీసులో కంప్యూటరు మీద కూర్చునేది. బేళ్ళు లారీకెక్కాక ఆమె గేట్ పాసు తీస్తేనే ఆ లారీ గేటు దాటాలి. వాళ్ళ నాన్న గౌస్ ఇదే మిల్లులో హమాలీగా బేళ్ళు మోసి మోసి పోయాడు. హమాలీలు ఆమెను పేరు పెట్టి పిలిచింది తక్కువ. గౌస్ బిడ్డ అనేవాళ్ళు.

పెళ్ళయ్యాక ఆమె కాపురం ఎమ్మిగనూరు. మొగుడు తాహెర్ మగ్గం నేస్తాడు. ఆమె రోజూ బస్సులో వచ్చి పోయేది. పోయిన వానాకాలం ఎమ్మిగనూరు బస్టాండులో కదిలే బస్సు ఎక్కబోయి కింద పడింది. తొడ ఎముక విరిగితే రాడ్డు వేశారు. పని పోయిందనే అనుకుంది పాపం. మా షావుకారు రాజశేఖర్ మాత్రం ఇంట్లో కూర్చునే చెయ్యమ్మా అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనను మెచ్చుకోవాలి. కర్నూలు నుంచి టెక్నీషియన్‌ను పిలిపించి వీపీఎన్ పెట్టించాడు.

అదేమిటని నేను ఫోన్ చేసి అడిగితే ముస్రత్ నవ్వింది. "ఎమ్మిగనూరులో ఉండి ఆదోని ఆఫీసులో కూసున్నట్లే రేణుకక్కా. ఆడ కంప్యూటరులో ఉండే ఫోల్డరు ఈడి నుంచే తెరుస్తాను. ఈడ నొక్కితే ఆడ ప్రింటరులో పాసు వస్తాది."

కొన్నాళ్ళు బాగానే వచ్చింది. పత్తి సీజను ఊపందుకున్నాక మొదలైంది అసలు గోల. సరిగ్గా అందరూ అన్నాలకు పోయే వేళకు ఫోల్డరు మూసుకుపోయేది. పొద్దుటి నుంచి లోడెత్తిన లారీలు అప్పుడే పాసు కోసం గేటు దగ్గర హారన్లు కొట్టేవి. మేనేజరు లక్ష్మీనారాయణ ఇంట్లో ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఆమెకు ఫోన్ చేసేవాడు. ఆమె రోజూ అదే చెప్పేది. "కలిసినట్లు పచ్చ చుక్క చూపిస్తాంది సార్. ఫోల్డరు మాత్రం దొరకల్యా. ప్రింటరూ దొరకల్యా."

ఈయన తిని, కాసేపు నడుము వాల్చి తిరిగి వచ్చేసరికి అన్నీ తెరుచుకునేవి. కర్నూలు టెక్నీషియన్ తీరిగ్గా సాయంత్రం చూసి, కనెక్షన్ నిక్షేపంలా ఉంది, ఆమె ఇంటివైపే ఏదో తేడా అనేసేవాడు. చదువుకున్నవాడు చెప్పాక ఇంకేముంది. తాహెర్ మగ్గం పని మానుకుని కొత్త నెట్ కనెక్షన్ పెట్టించాడు. అయినా అంతే.

ఒకరోజు పత్తి గింజ తీసే మిషన్లు, మా జిన్నులు, హోరుమని తిరుగుతుంటే, హమాలీలందరూ బేళ్ళు దొర్లిస్తుంటే, మేనేజరు వాళ్ళ మధ్య నిలబడి గొంతు చించుకుని అరిచాడు. "కలిసిందంటాది, తెరుసుకోలేదంటాది. అన్నీ దొంగమాటలు. ఇంట్లో పండుకోని జీతం తింటాంది."

నేను ఊరుకోలేదు. ఆమెను రమ్మని ఎదురుగా అడగండి సార్ అన్నాను. నీ కాటా నువ్వు చూసుకో అన్నాడు. ఆ మర్నాడే ఆ కుర్చీలోకి తన మరదలు రూపను తెస్తానని షావుకారు చెవిన వేశాడు. ఆమె మీద నింద ఎందుకంత తొందరగా ఖాయమైందో నాకు అప్పుడు అర్థమైంది.

నేనే ముస్రత్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. "హమాలీల ముందర అన్నాడా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. "మా నాయన మోసిన జాగాలో నిలబడి అన్నాడా. రేపు వస్తాండాను."

చంకకర్రలతో బస్సు దిగి, ఆటో పట్టుకుని వచ్చింది. చెమటతో ముఖం కడిగినట్లుంది. ఆఫీసులోకి పోలేదు. నా కాటా పక్కన స్టూలు మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. తన ఫోన్ నెట్‌తోనే, ఇంట్లో చేసినట్లే వీపీఎన్ కలిపింది. పచ్చ చుక్క వచ్చింది, ఫోల్డరు తెరుచుకుంది. అది తెరిచే ఉంచి రెప్ప వేయకుండా కూర్చుంది.

అన్నాల వేళయింది. జిన్నులు ఆగాయి. మేనేజరు బండెక్కి ఇంటికి పోయాడు. ఫిట్టరు గిడ్డయ్య గోడ దగ్గరకు పోయి మిల్లు కరెంటు మెయిన్ స్విచ్ దించాడు. ఈ సీజను మొదట్లో పక్క ఊళ్ళో ఒక మిల్లులో పత్తి అంటుకుని ఇద్దరు కాలిపోయారు. అప్పటి నుంచి జిన్నులు ఆగినప్పుడల్లా మెయిన్ దించెయ్యమని షావుకారు చెప్పాడు. ముస్రత్ మంచంలో ఉన్నప్పుడు వచ్చిన పద్ధతి అది. ఆమెకు తెలియదు.

ఆమె ఒళ్ళో పచ్చ చుక్క అలాగే ఉంది. ఫోల్డరు పోయింది. ఆమె తెర వైపు చూసింది, గిడ్డయ్య చేతి వైపు చూసింది.

"గిడ్డయ్య మామా, ఒకసారి ఎత్తు."

ఎత్తాడు. నన్ను పంపి ఆఫీసు కంప్యూటరు బటన్ నొక్కించింది. కాసేపటికి ఫోల్డరు తెరుచుకుంది. దించమంది. మళ్ళీ పోయింది.

ఇంతే సంగతి. వీపీఎన్ డబ్బా మిల్లు ఆవరణలోనే ఉన్న షావుకారు ఇంట్లో ఇన్వర్టరు మీద ఉంది, అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఫోల్డరున్న కంప్యూటరు మాత్రం మిల్లు కరెంటు మీద ఉంది. దాని యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిందని, మార్పించమని ముస్రత్ పడకముందు నుంచీ మొత్తుకుంటూనే ఉంది. అన్నం తిని వచ్చి ఆరిపోయిన ఆ కంప్యూటరు బటన్ రోజూ నొక్కింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మా మేనేజరే. ఫోల్డరు నెట్‌లో ఎక్కడో గాలిలో ఉంటుంది, దానికీ ఈ కరెంటుకూ ఏం సంబంధమని ఆయన ధీమా.

గిడ్డయ్య ముఖం మాడిపోయింది. "నేను మంటకి బయపడి దించుతాన్నానమ్మా. నీ పని దీంట్లో ఉందని నాకెవురు సెప్పినారు."

"నీ తప్పేం ల్యా మామా" అంది.

మేనేజరు పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. గేటు దగ్గర లారీ అప్పటికే హారను మోత. జరిగింది నేనే చెప్పాను. ఆయన నవ్వేశాడు.

"ఓ, ఇంతేనా. సరేలే, తెలిసిపోయింది కదా. లోపలికి పోయి పాసు తియ్యి."

ముస్రత్ కదల్లేదు. హమాలీలు అన్నాల క్యారియర్లు మూసి ఇటే చూస్తున్నారు.

"ఆ పొద్దు జిన్నులు తిరుగుతాంటే గొంతు చించుకోని అన్నావు సార్. ఇప్పుడు జిన్నులు ఆగినాయి. మెల్లగా సెప్పినా అందరికీ ఇనపడ్తాది. ఆ మాట ఎనక్కి తీసుకో."

మేనేజరు ముఖం ఎర్రబడింది. "గిడ్డయ్యా, మెయిన్ ఎయ్యి. పనికి లేటయితాంది."

గిడ్డయ్య చెయ్యి మెయిన్ పిడి మీదే ఉంది. "ఆయమ్మకి సెప్పేది సెప్పప్పా. మళ్ళ ఏస్తాను."

మిల్లు ఇంకా మొదలవలేదేమని షావుకారు ఇంట్లో నుంచి బయటికి వచ్చాడు. ఏమైందని అడిగాడు. అందరూ మేనేజరునే చూస్తున్నారు. లారీ కూడా హారను ఆపింది.

"ముస్రత్ దొంగమాట సెప్పలేదు" అన్నాడు మేనేజరు నేలచూపులు చూస్తూ. "పని చేసింది. నేనన్నది తప్పు."

గిడ్డయ్య మెయిన్ ఎత్తాడు. ముస్రత్ కర్రలు ఊతగా ఆఫీసులోకి పోయి, తన కుర్చీలో కూర్చుని, పాసు తీసి డ్రైవరు చేతికే ఇచ్చింది. షావుకారు అప్పటికప్పుడు ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి, కంప్యూటరుకు తన ఇన్వర్టరు నుంచి వైరు లాగమన్నాడు. రూప ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆమె ఆటో ఎక్కేటప్పుడు హమాలీ మేస్త్రీ హుసేనప్ప వచ్చి చంకకర్రలు అందుకున్నాడు. గౌస్‌తో కలిసి బేళ్ళు మోసినవాడు. ఆరోజు మేనేజరు అరిచినప్పుడు పక్కనే ఉన్నాడు.

"గౌస్ బిడ్డ అబద్దం సెప్పదని నాకి ముందే తెలుసమ్మా" అన్నాడు ప్రేమగా.

ముస్రత్ అతని చేతుల్లోంచి కర్రలు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"తెలిస్తే ఆ పొద్దే సెప్పాల్సింది మామా" అని, ఆటోను పోనిమ్మంది.